కేసు నంబర్లు వెతికిపెట్టే అనంతరావు

చంద్రపూర్ కోర్టు గేటు దాటగానే ఎడమపక్క ఒక రేకుల పందిరి ఉండేది. దాని కింద ఏడుగురు దరఖాస్తులు రాసేవాళ్లు కూర్చునేవారు. ఆరుగురి దగ్గర టైపు మిషన్లుండేవి. ఏడో మనిషి అనంతరావు దగ్గర ఒక కుంటి టేబులూ రెండు పెన్నులూ తప్ప ఏమీ లేవు. అయినా పాత కేసు కాగితం కావాలని ఎవరైనా వస్తే, ఆ ఆరుగురే "అదిగో, ఆయన దగ్గరికి పోండి" అని చెయ్యి చూపించేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. అనంతరావు ఎనిమిదేళ్లు కోర్టు రికార్డు గదిలో రోజుకూలీకి పని చేశాడు. ఎర్రగుడ్డల్లో కట్టిన కాగితాల మూటలను అక్కడ బస్తాలంటారు. వాటిని దులపడం, ఏడాదివారీగా సర్దడం, అడిగిన బస్తా తీసుకొచ్చి ఇవ్వడం, ఇదే ఆయన పని. ఒక ఏడాది పక్కా ఉద్యోగాలు వేశారు, అందులో ఆయన పేరు లేదు. భార్య అనసూయ రెండు రోజులు ఏడ్చింది. ఆయన మాత్రం రెండు రాత్రులూ గుర్రుపెట్టి నిద్రపోయి, మూడో రోజు గేటు పక్కన టేబుల్ వేసుకున్నాడు. ఉద్యోగం పోయింది గానీ ఏ బస్తా ఏ మూల ఉందో ఆయన తలలోంచి ఎక్కడికి పోతుంది?

కోర్టు తీర్పు దాచిపెట్టే వస్తువేమీ కాదు. దరఖాస్తు రాసి, స్టాంపు అంటించి, కేసులో ఉన్న మనిషి అడిగితే నకలు ఇవ్వాల్సిందే. అయితే నంబరుతో అడగాలి. "సాబ్, నా మీద ఒక కేసుండె" అని అడిగితే ఏ గుమాస్తా తల కూడా ఎత్తడు. పల్లెలవాళ్లకేమో నంబరు తప్ప అన్నీ గుర్తుంటాయి. ఆ రోజు ఏ కూర తిన్నదీ, ఏ ఎద్దుకు జబ్బు చేసిందీ చెబుతారు, నంబరు మాత్రం చెప్పలేరు. ఈ రెండింటి మధ్య నిలబడి బతికినవాడు అనంతరావు.

ఆయన అడిగేవి మూడు ప్రశ్నలు. ఏ ఠాణావాళ్లు పట్టుకుపోయారు? ఆ ఏడు మీ ఇంట్లో ఏం జరిగింది? నీ పేరేంటి, నీ తండ్రి పేరేంటి? మొదటిదానితో ఠాణాలో అరెస్టుల రిజిస్టరు ఎక్కడుందో తెలిసేది. రెండోదానితో ఏడాది తేలేది. మూడోదానితో మనిషి దొరికేవాడు. పిల్ల పుట్టిన ఏడాదా, పత్తి పురుగు తిన్న ఏడాదా అని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి "ఎనభై ఒకటి" అంటే అది ఎనభై ఒకటే. నా మాట అతిశయోక్తి అనుకుంటే ఆ పందిరి కింద ఎవరినైనా అడగండి.

తొంభై ఐదు నాటికి ఆయనకు గిరాకీ పెరిగింది. చుట్టుపక్కల కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, పాత గనులు కూడా మనిషిని తీసుకునే ముందు పోలీసు రిపోర్టు అడుగుతున్నాయి. పదేళ్ల కింద మర్చిపోయిన కేసులు నౌకరి కోసం మళ్లీ లేచి కూర్చునేవి. వాటిని పడుకోబెట్టడానికి జనం అనంతరావు దగ్గరికి వచ్చేవారు.

అలా వచ్చినవాడే మల్లేశం. ముప్పై అయిదేళ్ల మనిషి, మాజ్రి దగ్గర బొగ్గు గనిలో ఏడేళ్లుగా కాంట్రాక్టు కూలీ. వెంట భార్య రాజక్క ఉంది. ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

"పర్మనెంటు చేస్తమన్నరు సాబ్. పోలీసు రిపోర్టు అడిగిండ్రు. గోండ్‌పిప్రి దిక్కు మా ఊర్ల ఠాణాకు కబుర్లు రాసే పోలీస్ పాటిల్, 'గీన్ని ఒక్కపారి పట్టుకపోయిండ్రు' అని రాసిచ్చిండు," అన్నాడు మల్లేశం.

"అబద్ధం రాసిండా?"

"లేదు, నిజమే. పత్తి అమ్మే కాడ బండ్ల వరుసల లొల్లయింది. నేను విడిపియ్యబోయిన. తల పలిగినోడు నా పేరే చెప్పిండు. యాడాది తిరిగిన కోర్టుకు. ఆఖరికి జడ్జి సాబ్ పో అన్నడు, నేనొచ్చిన."

"తీర్పు కాయిదం తీసుకోలే?"

"పో అన్నంక ఇంక కాయిదం ఎందుకు సాబ్?"

అనంతరావు నవ్వాడు. నిర్దోషిగా తేలినవాళ్లందరూ ఇంతే. శిక్ష పడ్డవాడు కాగితం భద్రంగా దాచుకుంటాడు, వదిలేసినవాడు వెనక్కి చూడకుండా బస్సెక్కుతాడు.

గని ఆఫీసు ఇచ్చిన గడువు ఇరవై రోజులు. అందులో తొమ్మిది అప్పటికే పోయాయి. తీర్పు నకలు ఇవ్వకపోతే జాబితాలో మల్లేశం తర్వాత ఉన్నవాడికి ఆ చోటు ఇస్తారు. మళ్లీ జాబితా ఎప్పుడు తీస్తారో, అసలు తీస్తారో లేదో ఎవరూ చెప్పలేరు.

"గా ఏడు మీ ఇంట్ల ఏమైంది?" అని అడిగాడు అనంతరావు.

మల్లేశం గాల్లోకి చూశాడు. రాజక్క మాత్రం తడుముకోలేదు. "మా పెద్దపిల్ల కడుపుల ఉండె. గిప్పుడు దానికి పన్నెండు నిండుతున్నయి."

"ఎనభై మూడు. తీర్పు ఎనభై నాలుగు. మూడు రోజుల్ల రాండ్రి," అన్నాడు అనంతరావు ధీమాగా.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆయనకు తెలియంది కాదు, అయినా ఆ ధీమా ఆయనకు అలవాటు. ముందు మల్లేశాన్ని పట్టుకుపోయిన ఠాణాకు పోయి, తెలిసిన జమాదారును పట్టుకుని అరెస్టుల రిజిస్టరు తీయించాడు. మల్లేశం, తండ్రి పోశం, ఇంటిపేరు కొంకటి. లేడు. కోర్టులో ధోటే అనే గుమాస్తా పాత స్నేహితుడు, ఎనభై మూడు రిజిస్టరు ముందు పెట్టాడు. లేడు. ఎనభై నాలుగు తీశాడు, ఎనభై రెండు తీశాడు. మల్లేశాలకు మాత్రం కరువు లేదు. తెలుగువాళ్ల ఊళ్లలో ఇంటికో మల్లేశం ఉంటాడాయె. రాజం కొడుకు మల్లేశం, లస్మయ్య కొడుకు మల్లేశం, ఎర్రయ్య కొడుకు మల్లేశం ఉన్నారు. పోశం కొడుకు మల్లేశమే లేడు.

మూడు రోజులు ఆరయ్యాయి. "ఉత్త మాటలు చెప్పిండేమో, ఏ పంచాయితీలోనో తెగిన గొడవేమో," అన్నాడు ధోటే. అనంతరావుకు కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. అలా అనిపించినందుకు ఆయన మీద ఆయనకే కోపం వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆయన ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం సరిగా తినలేదు. అనసూయ ఇంకో గరిటె పప్పు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం మల్లేశం, రాజక్క పందిరి కింద కూర్చుని జొన్నరొట్టె విప్పుకున్నారు. రాజక్క ఒక రొట్టె అనంతరావుకు కూడా ఇచ్చింది. తింటూ మాటలో మాటగా అంది, "గప్పుడు ఈయన నౌకరి కోసం మాజ్రి పోలే సాబ్. మా బాపు ఇంట్లనే ఉండె. మా బాపుకు మగపిల్లలు లేరు, ఈయనను ఇల్లరికం తెచ్చుకున్నడు."

అనంతరావు నములుతున్న రొట్టె ఆపేశాడు.

"మల్లేశం, ఠాణాల తండ్రి పేరు అడిగితే ఏం చెప్పినవ్?"

"మా మామ పేరే చెప్పిన. గుండేటి లస్మయ్య."

"కన్న తండ్రి పేరు గదయ్యా చెప్పాల్సింది!"

మల్లేశం ఆశ్చర్యపోయాడు. "ఆయన ఇంట్ల తినుకుంట, ఆయన ఎడ్లబండి మీద పోయి, ఆయన పత్తి కాడ లొల్లి పెట్టుకొని, ఇంకొకరి పేరు చెప్తనా? మర్యాద ఉంటదా? మామ పక్కనే నిలబడి ఉండె."

వెతకబోయిన తీగ కాలికే తగిలింది. తన వేలే ఆ లస్మయ్య కొడుకు మల్లేశం మీద రెండుసార్లు పాకి, దాటిపోయింది. అనంతరావు చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి పరుగెత్తాడు. ధోటే చదివి వినిపించాడు. సాక్షులు తాము ఏమీ చూడలేదన్నారు, ముద్దాయి నిర్దోషి, విడుదల. నకలు దరఖాస్తు అప్పటికప్పుడే పడింది. కాగితం చేతికొచ్చేసరికి గడువుకు ఒక్క రోజు మిగిలింది.

అయితే ఆ నకలు మీద ఉన్నది లస్మయ్య కొడుకు. గని ఆఫీసులో ఉన్నది పోశం కొడుకు. ఇద్దరూ ఒకడేనని చెప్పడానికి ఒక అఫిడవిట్ కావాలి, దాని మీద లస్మయ్య ప్రమాణం కావాలి. రాజక్క ఆ సాయంత్రమే గోండ్‌పిప్రి బస్సెక్కింది.

ఆఖరి రోజు పొద్దున్నే ముసలాయనతో దిగింది. డెబ్బై దాటిన లస్మయ్య ఉతికిన ధోతి కట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. అనంతరావు ముందే మరాఠీలో రాసి పెట్టిన కాగితాన్ని ఆయనకు తెలుగులో చెప్పాడు. "మల్లేశం నా కొడుకు కాదు. కేసులో నా కొడుకని రాసింది తప్పు."

సిరా పూసిన బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది. లస్మయ్య దాన్ని తన ధోతికే తుడుచుకున్నాడు.

"నా కొడుకు గాదన్న కాయిదం మీద నా ఏలు పడది."

"బాపూ, ఇయ్యాల ఆఖరు దినం. నౌకరి పోతది," అంది రాజక్క.

"పోనీ. మేం మల్ల పత్తి పెట్టుకుంటం. పన్నెండేండ్ల కింద ఠాణాల గంతమంది ముంగట వాడు నా పేరు చెప్పిండు. ఊళ్లె నాకు ఎవరన్న కొడుకు లేడన్నరా గా దినం సంది? గిప్పుడు నా నోటితోటి నేనే చెప్పాల్నా?"

మల్లేశం తల వంచుకుని నిలబడ్డాడు. బతిమాలలేదు. మాజ్రి బస్సుకు గంటన్నర ఉంది. అనంతరావుకు ముందు చిరాకు పుట్టింది, తర్వాత సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఇలాంటి కాగితాలు వందలు రాశాడు, అవి వినే మనిషికి ఎలా ఉంటాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. రాసిన కాగితం చింపేసి, ఇంకో స్టాంపు కాగితం తీసి మళ్లీ రాశాడు.

"పెద్దయ్యా, ఇను. 'కొంకటి పోశం కన్న మల్లేశాన్ని నా బిడ్డనిచ్చి నా ఇంట్ల పెట్టుకున్న. అందుకే కేసులో నా కొడుకని చెప్పిండు. రెండు పేర్లూ గీ ఒక్క మనిషివే.' కాదన్న మాట దీంట్ల ఎక్కడా లేదు."

లస్మయ్య రెండోసారి చదివించుకున్నాడు. అప్పుడు బొటనవేలు ముందుకు చాపాడు.

ప్రమాణం చేయించే అధికారి మరాఠీ మనిషి, పాపం పని తొందరలో ఉన్నాడు. మల్లేశాన్ని చూపించి "ఇతను మీకేమవుతాడు?" అని అడిగాడు.

"కొడుకు," అన్నాడు లస్మయ్య.

"ఈమె?"

"బిడ్డ."

అధికారి పెన్ను కింద పెట్టాడు. "వీళ్లిద్దరూ మొగుడూపెళ్లాలని రాశారేమిటి?" అన్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లస్మయ్య మాత్రం నవ్వలేదు. "బిడ్డను కన్న సాబ్, కొడుకును తెచ్చుకున్న. దీంట్ల పరేషానేముంది?" అన్నాడు. అనంతరావు దాన్ని ఒక్క మాటా మార్చకుండా మరాఠీలో చెప్పాడు. అధికారి కూడా నవ్వి, ముసలాయన కాగితం మీద ముద్ర కొట్టాడు.

తర్వాత మల్లేశం వంతు. అతను కూడా ప్రమాణం మీద సంతకం పెట్టాలి.

"పేరు?"

"మల్లేశం."

"తండ్రి పేరు?"

మల్లేశం నోరు తెరిచాడు. పన్నెండేళ్ల కింద లాగే ఇప్పుడూ మామ పక్కనే నిలబడి ఉన్నాడు. అధికారి తలెత్తి చూశాడు, బయట మాజ్రి బస్సు హారన్ కొట్టింది. మల్లేశం ముసలాయన వైపు చూసి, మళ్లీ కాళ్ల వైపు చూసుకున్నాడు.

లస్మయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పోశం పేరు చెప్పు బిడ్డా. నేనేమనుకోను."