మందిరం మెట్లకు నేనేసిన రెయిలింగు

పోయిన నెల మా షామీర్‌పేట ప్రార్థన మందిరం ముందున్న ఐదు మెట్లూ తీసేశారు. వాటి చోట ముసలివాళ్లూ చక్రాల కుర్చీలవాళ్లూ ఎక్కేలా ఏటవాలు దారి పోయాలని సంఘం తీర్మానం. మెట్ల పక్కనున్న ఇనుప రెయిలింగును తీయడానికి వచ్చిన పనివాడు గ్రైండరుతో పైపులైతే చకచకా కోశాడు గానీ, ఒక అతుకును మాత్రం ఎన్ని దెబ్బలు కొట్టినా విడదీయలేక చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

“గీ వెల్డింగ్ ఎవలేసిండ్రు తాతా? సూడనీకె పెండకడి లెక్కున్నది గని, ఊడొస్తలేదు.”

నేను మీసం సవరించుకుని, వేసింది నేనేననీ, నలభై ఏళ్ల అనుభవమనీ చెప్పాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా ఇంటావిడ ఊరుకుంటేగా. “అవ్ బిడ్డా, నలభై ఏండ్లు హాజరేసిన అనుభవం,” అంది.

మన ఈడువాళ్ల దగ్గర దాపరికమెందుకు, ఆవిడ చెప్పిందే నిజం. నేను జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, ఎవరు ఎన్నింటికి వచ్చారో రిజిస్టరులో రాసినవాణ్ని. కిటికీలోంచి షెడ్డులో ఎగిరే నిప్పురవ్వలు కనిపించేవి. వెల్డింగుతో నా సంబంధం అంతే. కానీ ఐదేళ్ల కిందట ఒక ఆదివారం, ఆరాధనలో సాక్ష్యం చెప్పే వేళకు లేచి నిలబడి, దేవుడు నన్ను నలభై ఏళ్లు అగ్ని మధ్యన నడిపించాడనీ, ఆ చేతులతోనే మందిరం మెట్లకు రెయిలింగు చేసిస్తాననీ అందరి ముందూ ప్రకటించేశాను. ఆ నోటి దూకుడు వెనకాల ఒక కారణముంది. మోకాళ్లు అరిగిపోయి, పట్టుకోవడానికేమీ లేని ఆ మెట్లు ఎక్కలేక, మా ఇంటావిడ అప్పటికి మూడు నెలలుగా కిందనే చెప్పుల పక్కన కుర్చీ వేసుకుని, మైకులో వినబడే వాక్యం వింటూ ఉండేది. పెళ్లినాటి నుంచి ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి.

ప్రకటించాక మిషను కొనాలి కదా. మేడ్చల్ రోడ్డు మీద షెడ్డులో పనిచేసే మా బామ్మర్ది అసలైన వెల్డరు. వాణ్ని వెంటబెట్టుకుని రాణిగంజ్ మిషన్ల బజారుకు వెళ్లాను. నాకేమో చక్రాలున్న పెద్ద ఎర్ర మిషను మీద కన్ను పడింది, దాన్ని గల్లీలో దొర్లించుకుంటూ వస్తే ఎలా ఉంటుందో కూడా ఊహించేసుకున్నాను. వాడు నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు. “బావా, మనింటి మీటరుకు గది ఆన్ జేస్తే ఫ్యూజు గాదు, గల్లీ మొత్తం పోతది. గిది తీస్కో,” అని టిఫిను డబ్బా అంత ఇన్వర్టరు మిషను చూపించాడు. దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కాను. ఇరుగుపొరుగుకు మాత్రం జర్మనీ సరుకని చెప్పాను.

ఇక నేర్చుకోవడం. మొదటి వారంలో వంద వెల్డింగు రాడ్లు కాల్చాను. కాదు, ముప్పై. వాటిలో సగం రాడ్లు ఇనుముకు అతుక్కుపోయి, పీకబోతే హోల్డరుతో సహా నన్నే లాగేవి. కరెంటు పెంచితే పలచటి పైపుకు బొక్కలు పడేవి. ఒక సాయంత్రం, ఒక్క టాకాకు, చుక్కంత అతుకుకు, ముసుగెందుకులే అనుకుని ఉత్త కళ్లతోనే అంటించాను. గంట గడిచేసరికి కళ్లల్లో ఇసుక పోసినట్టయింది. మా ఇంటావిడ ఆలుగడ్డ చక్రాలు కోసి నా కళ్ల మీద పెట్టి, ప్రార్థన చేసి, ఆ ఊపులోనే తిట్టింది కూడా. మర్నాడు ఆవిడకు ఇంకో కోపం తెప్పించాను. వానాకాలం చెమ్మకు రాడ్లు పాడవుతున్నాయని వాటిని బియ్యం డ్రమ్ములో దాచితే, సోలతో ముంచిన ఆవిడకు బియ్యంతో పాటు నాలుగు రాడ్లొచ్చాయి.

నెల రోజులకు రెయిలింగు తయారైంది. అతుకులు ముద్దముద్దగా ఉన్నాయని గ్రైండరుతో అరగదీసి, కన్నాలు లప్పంతో పూడ్చి, పైన వెండి రంగు వేశాను. నా కళ్లకైతే నగల దుకాణంలో పెట్టదగ్గ వస్తువది. శనివారం బామ్మర్ది వచ్చి, చుట్టూ తిరిగి, సుత్తి తీసుకుని ఒక్కటేశాడు. అడ్డపైపు ఊడి కింద పడింది.

“బావా, బలమంతా గా ముద్దలనే ఉంటది. నున్నగ గొరిగి పారేసినవ్. గిది లప్పంతోని నిలబడ్డది. మా అక్క దీన్ని పట్టుకుంటే ఏమైతుండె?”

వంగి ఆ అడ్డపైపును ఏరుకున్నాను. వాడే మెత్తబడి, “నేనేస్త తియ్, నీ పేరే చెప్పుకో, ఎవలకెర్క?” అన్నాడు. ఒప్పుకోవాలనే అనిపించింది, అబద్ధమాడను. కానీ ఆ రెయిలింగు పట్టుకుని ఆవిడ పైకెక్కే ప్రతి ఆదివారమూ నేను లోపల తలదించుకుని కూర్చోవలసి వస్తుంది. వద్దన్నాను. మర్నాడు సాక్ష్యం వేళకు మళ్లీ లేచి, నేను వెల్డరును కాననీ, హాజరు రాసినవాణ్ననీ, చేసిన రెయిలింగు ఒక్క సుత్తిదెబ్బకు ఊడిందనీ, ఇంకా నేర్చుకుంటున్నాననీ చెప్పేశాను. నవ్వినవాళ్లు నవ్వారు. పాస్టరయ్య కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. బయట చెప్పుల దగ్గరి నుంచి మాత్రం మా ఇంటావిడ గొంతు గట్టిగా “ఆమెన్” అంది.

ఆ మర్నాటి నుంచి బామ్మర్ది రోజూ షెడ్డు నుంచి వస్తూ గంటసేపు నా వెనక నిలబడేవాడు. వెలుగును చూడొద్దు, వెలుగు వెనక కరిగి పారే ఇనుమును చూడు, మిర్చి బజ్జీ వేగుతున్నట్టు చప్పుడు తెగకుండా రావాలి, అది తెగితే నీ చెయ్యి తప్పినట్టే అనేవాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, మోకాలి కింద గోనెసంచి వేసుకుని, అతికించడం, విరగగొట్టడం, మళ్లీ అతికించడం. చొక్కాలన్నిటికీ చిల్లులు పడ్డాయి. రెండు నెలలకు వాడు సుత్తితో పదిసార్లు కొట్టి, ఆఖరికి తానే రెయిలింగు మీదెక్కి ఊగి, “ఇగ సాలు తియ్ బావా, మా అక్కను పిలువు,” అన్నాడు. ఈసారి ముద్దలు ముద్దలుగానే ఉంచాను. ఆవిడ కుడిచెయ్యి దాని మీద వేసి, నా ముఖంలోకి ఒకసారి చూసి, ఐదు మెట్లూ ఎక్కింది. ముందు వరుసలో పాట ఎత్తుకుంది. ఆరోజు నేను కన్నీళ్లు పెట్టుకోలేదనే అందరికీ చెబుతుంటాను.

ఐదేళ్లలో ఆవిడ చెయ్యి ఆనేచోట వెండి రంగు పోయి ఇనుము నున్నగా తేలింది. ఇప్పుడు ఏటవాలు దారికి దుకాణంలో కొన్న స్టీలు రెయిలింగు వస్తుందట, అద్దంలా మెరుస్తుందట. మంచిదే, ఎవరినీ కింద కూర్చోబెట్టని దారి అది. ఊడని ఆ అతుకున్న జానెడు ముక్కను పనివాడి దగ్గర అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

నిన్నటి ఆదివారానికి దారి పూర్తయింది గానీ, స్టీలు రెయిలింగు ఇంకా రాలేదు. ఆ కొత్త దారి మొదట్లో ఆవిడ ఆగిపోయింది. కుడిచెయ్యి అలవాటుగా లేచి, రెయిలింగు ఉండే ఎత్తున గాలిలోనే నిలిచింది. “ఎక్కుడు అల్కగనే ఉన్నది గని, పట్టుకోనీకె ఏం లేదయ్యా,” అంది. నా భుజం అందించాను. ఆ భుజం ఇంకెన్నాళ్లు ఆగుతుందో తెలియాలంటే ఏ సుత్తితో కొట్టి చూడాలో బామ్మర్ది నాకు నేర్పలేదు.