“చూపించవే” అన్న నర్సమ్మగారు

పక్కింటి నర్సమ్మగారు పోయారని డిసెంబరులో ఒక గురువారం పొద్దున ఆవిడ కోడలు మెసేజ్ పెట్టింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఎనభైకి రెండేళ్ళు తక్కువ. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కట్టేశాను. మళ్ళీ వేశాను. ఏం చెయ్యాలో తోచక, మడతపెట్టి ఉన్న తువ్వాళ్ళన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆవిడకి మేం చూపించాల్సింది ఒకటి ఉండిపోయింది. ఈ నెల రోజులుగా అది నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

ఆవిడ పుట్టింది ఫిజీలో. వాళ్ళ నాయనమ్మ చిన్నపిల్లగా ఉండగా ఆ కుటుంబం చెరకు తోటల పనికి మనవైపు నుంచి ఓడెక్కి వెళ్ళింది. ఇక్కడ కెనడాలో, సర్రీ అనే ఊళ్ళో, మా రెండిళ్ళకీ మధ్య ఒక కంచె. మేం మాట్లాడుకునేది హిందీలో. ఆవిడది ఫిజీ హిందీ, నాది హైదరాబాద్‌లో వంటబట్టింది. అయితే ఆవిడ దగ్గర ఒక నలభై యాభై తెలుగు మాటలు ఉండేవి. అన్నీ చిన్నప్పుడు నాయనమ్మ ఆవిడని కేకలేసినవే. రావే, తినవే, గోకకు, ఏదీ చూపించు. పెద్దవాళ్ళతో మాట్లాడే తెలుగు ఆవిడకి ఎవరూ నేర్పలేదు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీసింది మా ఆయన. వయసు యాభై నాలుగు, ఆఫీసులో పాతికమందికి పైవాడు.

“ఒరే, అమ్మ ఉందా?” అన్నారు నర్సమ్మగారు.

“ఉంది,” అని మా ఆయన బుద్ధిగా పక్కకి జరిగారు.

తెలుగులో గారు అనే మాట ఒకటి ఉందని తర్వాత నేను నెమ్మదిగా చెప్పాను. “మా నాయనమ్మ నన్నెప్పుడూ అలా అనలేదే,” అన్నారు.

ఫిజీలో ఇరవై ఏళ్ళు ఆసుపత్రి నర్సుగా చేశారు. ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. వృద్ధుల కేర్ హోమ్‌లో స్నానాలు చేయించే పని చేసి రిటైరయ్యారు. “అక్కడా చర్మమే, ఇక్కడా చర్మమే,” అనేవారు. మా వీధిలో ఎవరు వేడి దేశాలకి వెళ్ళొచ్చినా, సూట్‌కేసు విప్పేలోపే వెళ్ళి తలుపు తట్టేవారు. చెమటకాయలు, గోకి చీము పట్టించుకున్న దోమకాట్లు, కాలివేళ్ళ మధ్య నాని తెల్లబడిన చర్మం, అన్నీ చూసేవారు. మందు మాత్రం ఇచ్చేవారు కాదు. “నా దగ్గర మందుల్లేవు, కళ్ళున్నాయి” అని డాక్టర్ దగ్గరికి పంపేవారు.

మెక్సికో బీచ్ నుంచి వచ్చిన ఎదురింటాయనకి అరికాల్లో ఎర్రటి గీత ఒకటి లేచి, రోజూ కాస్త కాస్త పాకేది. ముల్లనుకుని ఆయన సూదితో కెలుక్కుంటున్నాడు. ఆవిడ ఆ కాలిని వాకిట్లోనే పట్టుకుని చూశారు. “ముల్లు కాదు, పురుగు. ఇసుకలోంచి ఎక్కింది. బీచ్‌లో చెప్పుల్లేకుండా తిరిగానని డాక్టర్‌కి చెప్పు. ఆ ముక్క నువ్వు చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?”

ఆ ముక్క నేను పక్కనే నిలబడి విన్నాను. విని కూడా చేసింది చెబుతున్నాను.

పోయిన ఆగస్టులో మా తమ్ముడి కూతురి పెళ్ళికి కాకినాడ వెళ్ళాం. ఉక్కపోత. పందొమ్మిదేళ్ళ మా అమ్మాయి చెమటకి తడిసిన జాకెట్టుతోనే మూడు రోజులు తిరిగింది. మెడ పక్కన రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ లేచింది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రెండో రోజుకే దురద పోయింది. ఇంత బాగా పనిచేస్తోంది కదా అని ఆరు ట్యూబులు తెచ్చుకున్నాను. మనలో చాలామంది సూట్‌కేసుల్లో ఉండేదే.

ఇక్కడికి వచ్చాక మచ్చ మళ్ళీ లేచింది. రాస్తే తగ్గేది, మానితే లేచేది, లేచిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దదయ్యేది. అక్టోబరుకి భుజం మీదికి దిగింది. అప్పుడే అమ్మాయికి ఈత కొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం ఖాయమైంది. జనవరిలో మొదలు. దానికోసం రెండేళ్ళు కష్టపడింది. పిల్లలు పట్టుకుని వేలాడేది ఆ భుజాన్నే. ఆ భుజంతో ఎలా దిగుతుంది?

వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్ళాం. అమ్మాయి కారు పార్క్ చేసి వచ్చేలోపు ఫారం నేనే నింపాను. ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారు అన్నచోట ఏమీ లేవని రాశాను. ప్రిస్క్రిప్షన్ లేని మందు వాడామంటే ఏమంటారోనని. ఇంట్లో ప్రతిదీ రాసిపెట్టుకునే మనిషిని నేను. మచ్చని కుట్టు టేపుతో కొలిచి, తేదీ వేసి రాశాను కూడా. ట్యూబు సంగతి ఒక్కటే రాయలేదు. పెళ్ళిలో వేసుకున్న గిల్టు నెక్లెస్ పడలేదేమో అన్నారు డాక్టర్. అది నాకు హాయిగా అనిపించింది. ఆయన ఇచ్చిన క్రీముతో మచ్చ ఇంకా పాకింది.

ఒక ఆదివారం నర్సమ్మగారు వచ్చేసరికి అమ్మాయి మెడ గోక్కుంటూ కూర్చుంది.

“గోకకే. ఏదీ, చూపించు.”

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. “దాద్,” అన్నారు హిందీలో. “తెలుగులో ఏమంటారే?”

“తామర.”

“తామర? లైక్, లోటస్?” అంది అమ్మాయి. దానికి తెలిసిన తామర పువ్వొక్కటే.

“అంచు గుండ్రంగా లేచి ఉండాలి. ఇది చెరిపేసినట్టుంది,” అన్నారు నర్సమ్మగారు నాతో. “ఏం రాశావు?”

“డాక్టర్ ఇచ్చిందే.”

“అంతకుముందు?”

“ఏం లేదు.”

“మామ్. ది ఇండియా ట్యూబ్,” అంది అమ్మాయి.

నర్సమ్మగారు కోప్పడలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్న పిల్లని చూసినట్టు చూశారు. “చూపించవే,” అన్నారు.

నలభై తొమ్మిదేళ్ళ నన్ను అలా అనేవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. డ్రాయర్‌లోంచి ట్యూబు తెచ్చి చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అక్షరాలు కంటికి ఆనించుకుని చదివారు.

“మూడు మందులు కలిపారు. అందులో ఒకటి దురదని నిద్రపుచ్చుతుంది. దురద పోయింది కాబట్టి జబ్బు పోయిందని నువ్వనుకుంటావు. అది కింద హాయిగా మేస్తూ ఉంటుంది. ఎన్ని తెచ్చావు?”

“ఆరు.”

“దుకాణం పెడతావా?”

మర్నాడే మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళమన్నారు. “ట్యూబు పట్టుకెళ్ళు. రాశానని నీ నోటితో చెప్పు. చర్మం గీకి పరీక్షకి పంపమని అడుగు. నేను చూసింది సగమే, తప్పు కూడా కావచ్చు.”

క్లినిక్‌కి వెళ్తూ కారులో ఫారం సంగతి అమ్మాయికి చెప్పాను. అది అద్దం సరిచేసుకుంది. తర్వాత, “యూ లైడ్ ఆన్ మై ఫారం,” అంది.

“నీకు ఏమైనా అంటారేమోనని...”

“ఇట్స్ మై స్కిన్, మామ్.”

డాక్టర్ తిట్టలేదు. ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదివి, ముందే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అన్నారు. పరీక్షలో ఫంగస్ అని తేలింది. క్రీములు ఆపించి మాత్రలు ఇచ్చారు. ఆపిన వారానికి మచ్చ నిప్పులా లేచింది. అమ్మాయి నిలవలేదు, కూర్చోలేదు. నేనూ అంతే. గంటకోసారి మెడ చూడబోతే విసుక్కునేది. నర్సమ్మగారు రోజూ వచ్చి, చిక్కుడుకాయల గిన్నె దాని ఒళ్ళో ఒకటి, నా ఒళ్ళో ఒకటి పెట్టేవారు. “ఒలవండి. దురదకి తొందరెక్కువ, మందుకి తొందర లేదు.” దాని తువ్వాళ్ళు వేరుగా, వేడినీళ్ళలో ఉతికించేవారు. మచ్చ మాయమవుతోంది కదా అని అమ్మాయి మాత్రలు ఆపబోతే, చెప్పినన్నాళ్ళూ వేసుకోవాల్సిందే అన్నారు.

“అయ్యాక నాకు చూపించాలి. నేను చూశాకే నయమైనట్టు.”

మాత్రలు డిసెంబరు మొదట్లో అయ్యాయి. అమ్మాయికి పరీక్షలు. రేపు వెళ్దాం అంది. తర్వాత ఆదివారం అంది. నేనూ గట్టిగా చెప్పలేదు. కంచె అవతలే కదా ఉన్నారు అనుకున్నాను. ఆ ఆదివారానికి ముందు గురువారమే ఆ మెసేజ్.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడ కొడుకు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. అరవై దగ్గరపడుతున్న మనిషి. “అమ్మ నన్ను ఒరే అని పిలిచేది. అది మీ భాషేనట కదా. అంటే ఏమిటి ఆంటీ?” అని హిందీలో అడిగాడు. నన్ను ఆంటీ అన్నందుకు మరోసారైతే నవ్వొచ్చేది. కొడుకుని పిలిచే మాట అని చెప్పాను. అంతకన్నా సరిగా చెప్పడం నాకు చేతకాలేదు. అమ్మాయి మెడకున్న స్కార్ఫ్ తీసి చేతిలో పట్టుకుని, శవపేటిక దగ్గర కాసేపు నిలబడి వచ్చింది.

నిన్న దాని మొదటి క్లాసు. గ్యాలరీలో అద్దం వెనక నిలబడి చూశాను. ఆరుగురు పిల్లలు. ఒక చిన్నది నీళ్ళకి భయపడి మా అమ్మాయి మెడ చుట్టూ చేతులు వేసి, చెంప భుజానికి ఆనించి వదలడం లేదు. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడిదాకా దిగిందో కొలిచి రాసిన నాకే, ఎంత వెతికినా ఆ చోటు దొరకలేదు. తడి చర్మం అంతటా ఒక్కలాగే మెరుస్తోంది. అద్దానికి ఆవిరి పట్టింది. చేత్తో తుడిచాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచి, ముఖం అద్దానికి ఇంకా దగ్గరగా పెట్టాను.