ముందు అవతలివాడి మాట

మా సంఘంలో ఒక రూలు ఉండేది. ఎక్కడా రాసిపెట్టింది కాదు. ఎవరితోనైనా విభేదించాలంటే, ముందు వాళ్ళు చెప్పినదాన్ని మన నోటితో మళ్ళీ చెప్పాలి. చెప్పి, ఇదేనా మీ మాట అని అడగాలి. వాళ్ళు ఔనంటేనే మన మాట మొదలుపెట్టాలి. కాదంటే మళ్ళీ మొదటికి.

ఈ రూలు పెట్టింది బాబాయి. నాకు చుట్టరికం ఏమీ లేదు, సంఘంలో అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. మైలవరం రోడ్డులో ఒక నర్సరీలో మామిడి అంట్లు కడతారు. నూజివీడు చుట్టుపక్కల ఆయన చేతి అంటు లేని తోట తక్కువ. ఆయనకు మాత్రం సెంటు భూమి లేదు. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మాది ఎర్రజెండా కింద పనిచేసే కోత కూలీల సంఘం. గెడకి వల కట్టిన చిక్కం పట్టి కాయ కోసేవాళ్ళు, షెడ్లలో కాయ ఏరి పెట్టెలకెత్తే ఆడవాళ్ళు, నాలాంటి చదువుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

నేను మొదటిసారి మీటింగులో నోరు విప్పేనాటికి బి.ఇడి. పూర్తయి నెల కూడా కాలేదు. ఒక పెద్దాయన ఏదో అన్నారు, నేను అంతెత్తున లేచాను. బాబాయి చెయ్యి ఊపి, "కూర్చో అమ్మా. ముందు ఆయనేమన్నాడో చెప్పు" అన్నారు. చెప్పాను. పెద్దాయన కాదన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కాదన్నారు. మూడోసారికి ఔనన్నారు. ఈలోపు నేను చెప్పాలనుకున్నదాంట్లో సగం అక్కర్లేకుండా పోయింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారాలు, చర్చికెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, ఒక పాత ప్యాకింగ్ షెడ్డులో బరకం పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఆ మీటింగుల్ని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. జీడిపాకంలా సాగేవి. ఒకరిద్దరు గురకపెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు ఇంట్లో వంట గుర్తొచ్చి, తమ వంతు రాకముందే లేచిపోయేవాళ్ళు. కానీ చాలా తగాదాలు అక్కడే చల్లారిపోయేవి. అవతలివాడి మాట సరిగ్గా అప్పజెప్పేసరికి, కొట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

కరోనాలో షెడ్డు మూతపడింది. తర్వాత దాన్ని ఎవరో కాయ మాగబెట్టడానికి తీసుకున్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనే, అడ్మిన్నీ నేనే. మంచీ జరిగింది, కాదనను. షెడ్డులో పెదవి విప్పని ఆడవాళ్ళు గ్రూపులో మాట్లాడారు. జి. కొండూరు నుంచి ఒకామె పెట్టెలకెత్తే పని గురించి నాలుగు ముక్కలు రాస్తే, ఇంతకాలం ఈమె ఎక్కడుందా అనుకున్నాను. ఎదురుగానే ఉంది, చివరి వరసలో.

బాబాయి రూలు మాత్రం గ్రూపులోకి రాలేదు. రానక్కర్లేదనుకున్నాం. ఎవరికి జవాబివ్వాలంటే వాళ్ళ మెసేజీని వేలితో పక్కకి జరిపితే చాలు, అదే పెట్టెలో పైకొచ్చి కూర్చుంటుంది, కింద మనది రాసుకోవచ్చు. అవతలివాడి మాట అక్కడే ఉంది కదా, మళ్ళీ మనం చెప్పడమెందుకు? పొడుగు మాటైతే ఆ పెట్టెలో సగమే కనబడేది. ఆ సగానికే జవాబు రాసేవాళ్ళం.

నేనూ మారాను. ఎంత పొట్టిగా, ఎంత కారంగా రాస్తే అన్ని బొటనవేళ్ళు పడతాయని నెల తిరక్కుండానే పట్టేశాను. షెడ్డులో నా మాటకి ఎవరైనా తలూపితే, ఎందుకూపారో అడగాల్సొచ్చేది. ఇక్కడ ఆ బాధ లేదు. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ మధ్యమధ్యలో వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, సిగ్గుపడాల్సిన పనే.

ఆ ఏడు కోతలు మొదలయ్యేముందు కూలి పెంచమని అడిగాం. తోటలవాళ్ళెవరూ పలకలేదు. కాయ ముదిరాక పని ఆపుదామని నేను రాశాను. బాబాయి ఒక్క వాక్యం పెట్టారు. ఆయనకు టైపు చెయ్యడం రాదు, మనవరాలి చేత కొట్టించారు. రెండెకరాల రైతునీ, తోటలన్నీ గుత్తకు పట్టే షావుకారునీ ఒకే గాట కట్టొద్దు, ఆలోచిద్దాం అని.

అంతే. గంటలో ఆ వాక్యం మీద ఇరవై జవాబులు. అవకాశవాదం అని ఒకరు. భూస్వామ్య బుద్ధి అని ఇంకొకరు, అదీ సెంటు భూమి లేని మనిషిని. ఆ రాసినవాళ్ళలో ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళి, కాయ కోతకొచ్చేది ఎప్పుడో కూడా మర్చిపోయినవాళ్ళున్నారు. నేను తిట్టలేదు. నా వాదన వివరంగా, అంకెలు వేసి మరీ రాశాను. కాయ ఆగదు, మన చెయ్యి పైనుండేది ఏడాదిలో ఈ పది రోజులే, ఇప్పుడు మెతకబడితే ఎప్పటికీ మెతకే అని. బొటనవేళ్ళు బాగా పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు నిమిషాలు. హరికథ మొదలైందని ఎవరో రాశారు, దాని కింద నవ్వే మొహాలు. నేను లంచ్ బెల్లులో చూశాను. ఇంటికెళ్ళి తీరిగ్గా వింటాననుకున్నాను. ఇంటికెళ్ళేసరికి దాని కింద డెబ్భై మెసేజీలున్నాయి. డెబ్భైయ్యీ చదివాను. వాయిస్ వినలేదు.

ఆ మర్నాడు ఒకతను పోల్ పెట్టాడు. యజమానుల వైపు మాట్లాడేవాళ్ళు సంఘం కమిటీలో ఉండాలా, వద్దా అని. అందులో బాబాయి పేరు లేదు, అక్కర్లేదు కూడా. ఉండాలి, వద్దు, రెండే గళ్ళు. ఆగండి, ముందు ఆయన మాట విందాం అనే గడి లేదు. షెడ్డులో ఎవరో ఒకరు ఆ మాట అనేవాళ్ళు. ఏమో, నేనే అనేదాన్నేమో. మైలవరం బస్సు కోసం స్టాండులో నిలబడి వద్దు నొక్కాను. సాయంత్రానికి తేలిపోయింది. కమిటీకి విడిగా ఉన్న గ్రూపుకీ అడ్మిన్ని నేనే కాబట్టి, అందులోంచి ఆయన పేరు నేనే తీశాను. మీరు తొలగించారు అని తెర మధ్యలో చిన్న అక్షరాలతో ఒక లైను వచ్చింది. నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించలేదన్న సంగతి కూడా అప్పుడు తట్టలేదు. వంటింట్లోకెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను.

పని ఆపే రోజుకి గ్రూపులో నలభైమంది సరేనన్నారు. షావుకారు గుత్తకు పట్టిన తోట దగ్గరికి తొమ్మిదిమందిమి వెళ్ళాం. పూటసేపు నిలబడ్డాం. షావుకారు వేరే ఊరి మనుషుల్ని వ్యాన్లో దింపి కాయ కోయించుకున్నాడు. పదింటికల్లా మాలో ముగ్గురు చిక్కాలు పట్టుకుని వాళ్ళతో కలిసిపోయారు. వాళ్ళను తప్పుపట్టాలని కూడా అనిపించలేదు. విజయవంతం అని ఫోటోతో సహా గ్రూపులో పెట్టాను.

వేసవి సెలవుల్లో ఒకసారి నూజివీడు బస్టాండులో బాబాయి కనిపించారు. పేపర్లు దిద్దడం అయిపోయిందా టీచరమ్మా అని అడిగారు. అయిపోయిందన్నాను. ఎండలు చూశావా ఎలా ఉన్నాయో అన్నారు. ఔనన్నాను. ఆయన బస్సు వచ్చింది, ఎక్కారు.

వానలు పడ్డాక ఒక ఆదివారం ఫోను నిండిపోయి ఏదీ తెరుచుకోవడం లేదు. బరువైన ఫైళ్ళు చెరిపేస్తుంటే ఆ వాయిస్ కనబడింది. చెరిపే ముందు ఎందుకో నొక్కాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను.

వెనక కోళ్ళ అరుపులు, ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు. బాబాయి గొంతు నెమ్మదిగా మొదలైంది. టీచరమ్మ అనేదేంటంటే, అని. ఆ తర్వాత పదకొండు నిమిషాలూ నా మాటే. కాయ ఆగదని నేను అన్నది, మెతకబడకూడదని నేను అన్నది, ఒక్కొక్కటే తీసి నాకంటే బాగా చెప్పారు. నేను సరిగ్గా చెప్పలేకపోయినవి కూడా. బుట్ట మోసే ఆడమనిషికి మగాడికంటే తక్కువిస్తున్నారు, టీచరమ్మ కోపం అసలు దాని మీద, ఆ అమ్మాయి అది రాయలేదు గానీ నాకు తెలుసు అన్నారు. నిజమే. నేను రాయలేదు. చివర్లో ఇలా అన్నారు: "ఇదేనా అమ్మా నీ మాట? ఏదన్నా వదిలేస్తే చెప్పు. నువ్వు ఔనంటే అప్పుడు నాది చెప్తాను."

తర్వాత బోరింగు చప్పుడు ఒకటే. అయిపోయింది.

రెండోసారి కూడా విన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. చిక్కుడుకాయలు గిన్నెలో వేసి, మూత పెట్టి, ఆటో ఎక్కాను.

నర్సరీలో బాబాయి పీట మీద కూర్చుని, టెంక మొక్కకి కొమ్మ ఆనించి ప్లాస్టిక్ పట్టీ చుడుతున్నారు. పక్కనే తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాను. ఆ వాయిస్ ఇవాళే విన్నానని చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఔను బాబాయ్. అది నా మాటే. ఏమీ వదల్లేదు."

పట్టీ ముడి వేసి, కత్తితో కొస కోసి, మొక్కని వరసలో పెట్టారు. అప్పుడు తలెత్తి నన్ను కాదు, నా వెనక గేటు వైపు చూశారు.

"మరి మిగతావాళ్ళేరమ్మా?"

ఎవరూ రాలేదని, నేనొక్కదాన్నే వచ్చానని చెప్పాను.

"అది నలుగురిలో చెప్పాల్సిన మాట. నీ ఒక్కదానికి చెప్తే చాడీ అవుద్ది."

ఇంకో మొక్క తీసుకున్నారు. పట్టీలు అందించమంటే అందించాను. చీకటిపడేదాకా అక్కడే ఉన్నాను. ఆయన గ్రూపులో పెట్టించిన ఆ ఒక్క వాక్యం తప్ప, మేమంతా కలిసి దేన్ని వద్దని నొక్కామో నాకు ఇప్పటికీ తెలియదు.