పక్క దొన్నె ఎవరిది

ఒట్టు వెయ్యమంటే వేస్తాను. కానీ ఒట్టుకంటే గట్టి రుజువు ఒకటుంది. అబద్ధం చెప్పేవాడు తనని తాను గొప్పగా చూపించుకుంటాడు. ఇందులో నేను రోడ్డు పక్కన నేలమీద కూర్చుని, ఎవరో పోసిన గంజి తాగినవాణ్ణి. కల్పించుకునేవాణ్ణయితే ఇలాంటిది కల్పించుకుంటానా? నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వితే మాత్రం నేను గుర్తుపెట్టుకుంటాను.

ముందు మా తోడల్లుడు మూర్తి గురించి చెప్పాలి. మా ఆవిడ శైలజకి అక్క గిరిజ. ఆమె భర్త. నాకంటే పెద్దవాడు, అన్నయ్యా అని పిలుస్తాను. వాళ్ళుండేది అబుదాబి దగ్గర మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. మేం ఇక్కడ, అజ్మాన్‌లో. మా పెళ్ళయిన కొత్తలో ఈ ఫ్లాటుకి వచ్చి, అదుగో ఆ బాల్కనీలో నిలబడి, గాలి బాగానే వస్తోంది తమ్ముడూ, ఇది కూడా అద్దెలోనే కలిపేశారా అన్నాడు. ఏళ్ళు గడిచాయి. నేను మర్చిపోలేదు.

నేను మాంసం తినను. మొక్కు కాదు, మతం కాదు. చిన్నప్పటి నుంచీ ఆ వాసన పడదు. మా అత్తారింట్లో అందరూ తింటారు. నా కోసం మానమని ఎవరినీ ఎన్నడూ అడగలేదు. అందరితోపాటు నన్నూ కూర్చోబెట్టి, నేను తినగలిగేది ఇంత పెట్టమన్నాను. అంతే నేను అడిగింది. ఆ ఒక్కటే ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

ఆ సెప్టెంబరులో ప్రవక్త జన్మదినం సెలవు వారాంతానికి కలిసొచ్చింది. నలుగురం వియత్నాం వెళ్దామన్నారు. మొదట హనోయ్, తర్వాత సముద్రం ఒడ్డున హా లాంగ్. టికెట్లు మూర్తి తీశాడు. విమానంలో నా ముందుకి కోడికూర వచ్చింది. శాకాహారం అని నొక్కడం మర్చిపోయా తమ్ముడూ అన్నాడు. అని ఊరుకోలేదు. పారేయడం ఎందుకని నా పళ్ళెంలోది కూడా తనే తిన్నాడు.

హనోయ్‌లో మొదటి మధ్యాహ్నం. చిన్న హోటలు, పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు. వడ్డించే అమ్మాయితో మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని చేతులూపి చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. "చాయ్?" అంది.

నేనేమో పొద్దున్నా సాయంత్రం కరక్ చాయ్ తాగి బతికే మనిషిని. ఈ ఆకలిలో టీ ఎవడిక్కావాలి? చాయ్ వద్దు తల్లీ, అన్నం అన్నాను. ఆమె అయోమయంగా చూసింది. మళ్ళీ చాయ్ అంది. మళ్ళీ వద్దన్నాను. చివరికి తెల్లన్నం, పక్కన చేపల నీచు కొట్టే ఏదో పులుసు తెచ్చింది. అన్నం మాత్రం తిన్నాను… ఒట్టి అన్నం. రాత్రీ అదే వరస. మర్నాడూ అదే. ఎక్కడికెళ్ళినా చాయ్, చాయ్. వీధిలో బోర్డుల మీద కూడా కనిపించింది. టీ కొట్లనుకుని దాటిపోయాను. నేను వద్దన్న ప్రతిసారీ మూర్తి తల గిన్నెలోకి వంచేవాడు. భుజాలు కదిలేవి. కారం ఎక్కువైందేమో అనుకున్నాను.

హా లాంగ్ చేరేసరికి అరటిపళ్ళ మీద బతుకుతున్నాను. సాయంత్రం ఒడ్డునే ఉన్న హోటలుకి తీసుకెళ్ళారు. గాజు తొట్లలో పీతలు, రొయ్యలు. మూర్తి ఒక బతికున్న పీతని పట్టి నా ముఖం ముందు ఆడించి, "నీ కోసం సముద్రంలో వంకాయలు కాస్తాయా తమ్ముడూ?" అన్నాడు. అది కాళ్ళు కొట్టుకుంటోంది. అందరూ కూర్చున్నారు. వెయిటర్ నా దగ్గరికొచ్చాడు. చెప్పిందే చెప్పాను. చాయా అన్నాడు. టీ కాదు బాబూ, తిండి… తిండి అన్నాను. చేత్తో నోరు కూడా చూపించాను, ఒప్పుకుంటాను.

మూర్తి చెంచా కింద పెట్టేసి పగలబడి నవ్వాడు.

"ఖలాస్. ఇంక నావల్ల కాదు. తమ్ముడూ, వీళ్ళ భాషలో చాయ్ అంటే టీ కాదయ్యా. శాకాహారం. రెండ్రోజుల్నించీ పాపం వాళ్ళు పెడతామంటుంటే నువ్వే వద్దంటన్నావ్."

మొదటి రోజే ఫోన్‌లో చూశాడట. గిరిజ వదిన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. నేను శైలజ వంక చూశాను. ఆమె తల దించుకుంది. పెదవి కొసన నవ్వు మాత్రం… ఆగడం లేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"నిన్న రాత్రి బావ చెప్పాడండి… సరదాకని."

నిన్న రాత్రి నేను ఒక అరటిపండు తిని, నీళ్ళు తాగి ఆమె పక్కనే పడుకున్నాను.

లేచాను. బయటికి నడిచాను. కూర్చోండి అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఫోను కూడా బల్ల మీదే వదిలేశాను.

ఒడ్డు వదిలి లోపలి వీధుల్లోకి వెళ్ళాను. మాట తెలిసింది కదా, చాయ్ అని అడిగి తినే తిరిగి వెళ్తాననుకున్నాను. కొట్లు మూసేస్తున్నారు. ఇళ్ళ ముందు డబ్బాల్లో కాగితాలేవో కాలుస్తున్నారు. బూడిద ఎగిరి చొక్కా మీద పడుతోంది. నిండు పున్నమి. గుట్ట వైపు వెళ్ళే సందు ఒకటి… అక్కడ వీధి దీపం లేదు. మూసిన ఇంటి ముందు, కాలిబాట మీద, వరసగా ఆకు దొన్నెలు.

ఆకు దొన్నెలండీ. మనవాటిలాగే, చుట్టి పుల్ల గుచ్చినవి. పక్కన పళ్ళెంలో పేలాలు, ఉడికించిన చిలగడదుంపలు, చెరకు ముక్కలు. అగరొత్తులు. ఒక ముసలామె వంగి, కుండలోంచి గరిటెతో ఒక్కో దొన్నెలో గంజి పోస్తోంది. మాంసం వాసన లేదు. నాకు చప్పున అనిపించింది, పున్నమి కదా, అన్నదానం చేస్తున్నారని. మనవాడెవడైనా అదే అనుకుంటాడు. వరసగా ఆకులు, వడ్డించే మనిషి… ఇంకేమనుకుంటాం?

"చాయ్?" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. తనలో తను ఏదో గొణుక్కుంటూనే ఉంది. కానీ నేను వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చోగానే, నా ముందున్న దొన్నెలో గంజి పోసింది. చిక్కదనం లేదు, ఉప్పు లేదు. తాగేశాను. దుంప ఒకటి తీసుకున్నాను. ఆమె వెళ్ళి వచ్చి మళ్ళీ పోసింది. అప్పుడు కూడా చూడలేదు. ఆ రెండు రోజుల్లో నాకు అడక్కుండా మారు వడ్డించింది ఆమె ఒక్కతే. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

అప్పుడు విన్నాను… జుర్రుకునే చప్పుడు.

మొదట నాదే అనుకున్నాను. దొన్నె కిందపెట్టాను. చప్పుడు ఆగలేదు. ఎడమ పక్క ఒకటి. దాని అవతల ఇంకొకటి. నెమ్మదిగా… గొంతు సన్నగా ఉన్నవాళ్ళు కష్టపడి మింగుతున్నట్టు. ఇంకా ఎవరో ఆకలిగొన్నవాళ్ళు వచ్చి కూర్చున్నారు కాబోలు అనుకున్నాను. పక్కవాడి ఆకులోకి చూడకూడదంటారు కదా, నేను చూడలేదు. కంటి చివర మాత్రం ఒక మోకాలు కనిపించింది. ముడుచుకున్న మోకాలు. దాని మీద చెయ్యి. అగరొత్తి పొగ సూటిగా పైకి పోతోంది… గాలి లేదు. ఆకు చిన్నగా చిరిగిన చప్పుడు. దొన్నె అడుగు గోటితో గీరుతున్న చప్పుడు.

అప్పుడు ఆ పక్కనుంచి ఒక మాట.

"నిన్ను గూడ పిలువలేదా?"

మెల్లగా అన్నాడు. విసుగులేదు, ఆశ్చర్యం లేదు. నేనేమో కడుపులో ఉన్నదంతా కక్కేయడానికి ఎవరు దొరుకుతారా అని చూస్తున్నాను. వెంటనే అనేశాను. "పిలిచారు. పెట్టలేదు."

"గంతే," అన్నాడు.

ఇంకో గుటక మింగాను. ఆ గుటక గొంతు దిగేలోపల… తెలిసింది. తెలుగు. ఆ ఊళ్ళో, ఆ సందులో, తెలుగు.

తల తిప్పాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మెడ నా మాట వినలేదు.

ఎవరూ లేరు. వరస చివరిదాకా ఎవరూ లేరు. దొన్నెలు ఉన్నాయి. అన్నిటిలోనూ గంజి అంచుదాకా ఉంది, వెన్నెల అందులో కదులుతోంది. నా పక్క దొన్నె ఒక్కటే ఖాళీ. ఖాళీ అంటే… పొడిగా ఉంది. తుడిచినట్టు.

లేవబోయాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ముసలామె ఒక పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చింది. గుప్పెడు తీసి విసిరింది. ఉప్పు, బియ్యం. నా ముఖం మీద. కంట్లో పడింది. అరిచాను. ఆమె రెప్ప కూడా వెయ్యలేదు. ఇంకో గుప్పెడు… గుండెల మీద. ఇంకోటి. అడుగు దూరంలో నిలబడి, నేనున్న చోటే చూస్తూ, నన్ను చూడకుండా విసురుతోంది. గంజి పోసిన చేతితోనే. నేనక్కడ లేనట్టు… లేదా, ఉన్నాను కానీ ఇక పొమ్మన్నట్టు.

ఎలా పరిగెత్తానో తెలియదు. గది తలుపు తీసి శైలజ, ఈ ఉప్పేంటండీ ఒళ్ళంతా అంది. ఎవరో పెట్టారు, తిన్నాను అని మాత్రం చెప్పాను. ఆ మాట గురించి చెప్పలేదు. రెండ్రోజులు నా ఆకలి చూసి నవ్వుకున్న మనిషికి అది ఎలా చెప్పను?

పొద్దున రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగాను. ఇంగ్లీషు బాగానే వచ్చు ఆమెకి. ఈ నెలలో పున్నమికి అలా పెడతారట. తిండి పెట్టే సొంతవాళ్ళు లేని ఆత్మలకి. వాటి గొంతులు సూది బెజ్జమంత ఉంటాయని గంజి పల్చగా కాస్తారట. తిన్నాక కూడా కదలనివాటిని పంపించేయడానికి ఉప్పు, బియ్యం చల్లుతారట. ఎందుకు అడుగుతున్నారంది. గంజి తాగిన సంగతి చెప్పాను. తాళంచెవి అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల మీద పెట్టెయ్యండి అంది.

గిరిజ వదిన వెనకే నిలబడి అంతా విన్నది. "అయితే పిండాకూడు తిని వచ్చారన్నమాట, మరిదిగారూ," అంది. శైలజ నోరు మూసుకుని నవ్వింది. నన్ను చూసి ఎవరు ఎంత నవ్వారో నేను ఎప్పుడూ గమనిస్తాను కాబట్టి చెబుతున్నాను… మూర్తి నవ్వలేదు.

ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వ్యానులో నా పక్కన కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, రాత్రి ఫోను ఇద్దామని నా వెనకే వచ్చానన్నాడు. సందు మొదట్లో ఆగిపోయాడట.

"మరి పిలవలేదేం?" అన్నాను.

"నువ్వూ ఆయనా మాట్లాడుకుంటన్నారు కదా అని."

"ఎవరాయన?"

"నీ పక్కనాయన. తల వంచుకుని తింటన్నాడు."

నా పక్కన ఎవరో మాట్లాడారన్నది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పలేదు.

ఇప్పుడు మీరు అనబోయేది నాకు తెలుసు. నేనూ అనుకున్నాను. మూర్తి గొంతులు మారుస్తాడు. పార్టీల్లో సోనాపూర్ కూలీల క్యాంపు బస్సులో మాట్లాడే తెలంగాణ వాళ్ళని అనుకరించి నవ్విస్తాడు. చీకట్లో వెనకనుంచి వంగి ఆ మాట అని, ఇలా నటిస్తున్నాడేమో. చేయగలడు. చేసే మనిషే. కానీ చాయ్ సంగతి రెండ్రోజులకంటే కడుపులో దాచుకోలేకపోయాడు కదా. ఇది దాచుకోగలడా? ఆ మోకాలు సంగతేంటి? ఆ పొడి దొన్నె?

దుబాయ్‌లో దిగాక, సామాను కోసం నిలబడ్డప్పుడు పక్కకి లాగాను. వదిన మీద ఒట్టేసి చెప్పండి అన్నయ్యా, ఆ మాట అన్నది మీరేనా అన్నాను.

"ఏ మాట?" అన్నాడు.

చెప్పాను. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం చూశాను. బెల్టు మీద మా పెట్టె వచ్చి, దాటి, మళ్ళీ తిరిగి వచ్చింది. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు.

"నేనే అనుకో తమ్ముడూ. నిద్ర పడుద్దంటే… నేనే అనుకో."

ఆ తర్వాత నన్ను వెక్కిరించడం మానేశాడు. పండక్కి భోజనానికి రమ్మని తనే ఫోన్ చేశాడు. నా కోసం వేరే వండిస్తున్నామని కూడా చెప్పాడు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. శైలజా నేనూ వెళ్ళాం. బెల్లు కొట్టాం. మూర్తి తలుపు కొంచెమే తెరిచాడు. నన్ను చూశాడు, శైలజని చూశాడు. తర్వాత నా ఎడమ భుజం వెనక్కి చూశాడు.

"ఇద్దరేనా?" అన్నాడు.

ఆయన వెక్కిరిస్తున్నాడో, లెక్క చూసుకుంటున్నాడో నాకు తెలియదు. నవ్వడం లేదు. ఆ ఒక్కసారైనా నవ్వి ఉంటే బాగుండేది.

ఇద్దరమే అన్నాను. గట్టిగానే అన్నాను. అయినా ఆయన తలుపు పూర్తిగా తెరవడానికి… చాలాసేపు పట్టింది.