దొరసాని ఈత

ఆ పేరు పెట్టింది నేనే. ఇంకెవరో పెట్టారని చెప్పి తప్పించుకోవచ్చు, మా ఊళ్ళో ఎవరూ కాదనరు కూడా. కానీ పెట్టింది నేనే.

సాజవా నది ఒడ్డున మా ఊరి ఈతరేవు. వరసగా బట్టలు మార్చుకునే చెక్కగదులు, చివర టికెట్ల కిటికీ, కిటికీ వెనక గదుల తాళాలతో నేను. పేరు యార్మిల. ఇరవై ఆరు వేసవులు అక్కడే కూర్చున్నాను. నీళ్ళలో దిగేవాళ్ళను చూడడం, చూసినదాని మీద ఓ మాట విసరడం, ఇదీ నా ఉద్యోగం. రెండోదానికి జీతం లేదు, అయినా దాన్నే శ్రద్ధగా చేశాను.

మా చెక్ వాళ్ళలో ఒక ఈతకు ‘పానీ రదోవా’ అని పేరు. కప్పలా కాళ్ళు ముడిచి చాపే ఈతే అది. కాకపోతే మెడ నిటారుగా నిలబెట్టి, గడ్డం కూడా తడవకుండా ఈదాలి. పానీ రదోవా అంటే చక్రవర్తి కాలంలో పెద్ద కచేరీ ఉద్యోగి గారి భార్య, అంటే దొరసాని. ఆవిడ జుట్టు చెదరకుండా, పక్కావిడతో కబుర్లు ఆపకుండా ఈదేదట. చక్రవర్తి పోయాడు, ఆ కచేరీలు పోయాయి, దొరసానులూ పోయారు. పేరొక్కటీ నీళ్ళలో ఉండిపోయింది. చన్నీళ్ళకు జడిసి తల ముంచని మీసాల మగవాణ్ణి కూడా “ఏం దొరసానీ, పౌడరు కరుగుతుందా?” అంటాం. వాడూ నవ్వేస్తాడు.

బ్లాజెనా దొరసాని కాదు. ఊరి లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసేది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలి ఉండేవి. కానీ ప్రతి శుక్రవారం మంగలిషాపుకు వెళ్ళి జుట్టు ఉంగరాలు తిప్పించుకునేది, శనివారం పొద్దున్నే ఆ ఉంగరాలు చుక్క తడవకుండా ఈదేది. పైగా నీళ్ళలో ఉన్నంతసేపూ నోరు మూసేది కాదు. “వంతెన మీద పాలబండి పోతోంది. వెనకాల కుక్క. నీళ్ళు నిన్నటికన్నా చల్లగా ఉన్నాయి. అదిగో, మళ్ళీ ఆ బాతు.” ఒడ్డున బెంచీ మీద ఆమె భర్త ఓల్ద్రిఖ్ నల్లకళ్ళద్దాలతో కూర్చుని వినేవాడు. అప్పుడప్పుడు విన్నానన్నట్టు చేతికర్రతో నేల మీద ఒక్కసారి కొట్టేవాడు. ఆయన సున్నపు బట్టీలో పనిచేసేవాడు. నలభయ్యో ఏట సున్నం ఎగిరి కళ్ళలో పడింది. అప్పటినుంచి చూపు లేదు.

ఆమె నీళ్ళలోంచి పైకి రాగానే ఆయన లేచి, తడుముకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టేవాడు. మొగుడి చేత కూడా జుట్టు మెచ్చించుకుంటోందని నేను క్యూలో వాళ్ళకు చెప్పి నవ్వించాను. ‘మా లాండ్రీ దొరసాని’ అన్నాను. వారం తిరక్కుండా ఊరంతా ఆ పేరే. ఎవరినీ ‘గారు’ అనకుండా చులకనగా పిలిచేదాన్ని, ఆమెనూ అంతే.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఓల్ద్రిఖ్ తమ్ముడు తొమ్మిదేళ్ళప్పుడు ఆ రేవుకు కాస్త దిగువనే మునిగిపోయాడు. అన్న ఒడ్డునే ఉన్నాడు, వీపు తిప్పి చెప్పులు తొడుక్కుంటున్నాడు. చప్పుడే లేదట. మునిగేవాడు అరుస్తాడని అందరూ అనుకుంటారు గానీ, అరవడు. కళ్ళు పోయాక ఆ భయం ఓల్ద్రిఖ్‌కు మళ్ళీ వచ్చింది. బ్లాజెనా రెండేళ్ళు నదివైపే రాలేదు. చిన్నప్పుడు జిల్లా తరఫున ఈదిన మనిషి. నీళ్ళు లేకపోతే ఎండుటాకులా అయిపోయింది. చివరికి ఆయనే అన్నాడు. “పోవే, ఈదు. కానీ నీ గొంతు నాకు వినబడుతూ ఉండాలి. ఆగిందంటే నేను ఆగలేను.” ఆ ఒప్పందం మీద పద్నాలుగేళ్ళు ఈదింది. ఆ మాటలు ఆయన కోసం. పొడిజుట్టు కూడా ఆయన చేతి కోసమే, తల మునగలేదని తడిమి తెలుసుకోడానికి.

ఎనభై నాలుగు ఆగస్టులో ఒక శనివారం. ఎండ మండిపోతోంది, క్యూ రోడ్డు దాకా ఉంది. రూబెష్ అని కొత్త ట్రైనర్ కుర్రాడొకడు ఇరవై మంది పిల్లలకు కప్పఈత నేర్పుతున్నాడు. బ్లాజెనా అటుగా వెళ్తుంటే ఈలవేసి, “పిల్లలూ, ఇటు చూడండి! ఎలా ఈదకూడదో ఈ ఆంటీ చూపిస్తోంది!” అన్నాడు.

పిల్లలు కిచకిచలాడారు. అక్కడితో పోయేది. నేనెందుకు ఊరుకుంటాను? కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాను. “అమ్మా దొరసానీ! ఒక్కసారి ఆ తల ముంచవే తల్లీ! జుట్టేమైనా ఉప్పుతో చేశారా, కరిగిపోడానికి? ముంచితే బీరు నేను పోయిస్తా!”

క్యూ మొత్తం పగలబడి నవ్వింది. నాకు భలే సంతోషం వేసింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అదే నాకు శిక్ష.

బ్లాజెనా ఆగి నావైపు చూసింది. పిల్లలవైపు చూసింది. ముఖం ఎర్రబడింది. బెంచీవైపు తిరిగి ఏదో అంది, పెదాలు కదలడం కనిపించింది. తర్వాత ఊపిరి పీల్చి తల ముంచింది.

అంత శుభ్రమైన ఈత మా రేవులో నేను అంతకుముందు చూడలేదు. నీళ్ళు చెదరలేదు. తల లేచేది, మునిగేది, లేచేది. రూబెష్ నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. పిల్లలు నోళ్ళు మూసుకున్నారు, క్యూ కూడా నవ్వాపి చూసింది. రేవంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఓల్ద్రిఖ్ లేచాడు.

“బ్లాజెంకా?”

ఎవరూ పలకలేదు. మేమంతా నీళ్ళవైపు చూస్తున్నాం.

“బ్లాజెంకా! ఎవరైనా చూడండయ్యా! మాట్లాడట్లేదు! నా పెళ్ళాం మాట్లాడట్లేదు!”

కర్ర పారేశాడు. బూట్లతోనే నీళ్ళవైపు పరుగెత్తాడు. రాతిమెట్లు, నాచు పట్టి ఉన్నాయి. నేను కిటికీ దాటి వచ్చేసరికే పడిపోయాడు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. బ్లాజెనా పరుగున వచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. “ఇక్కడే ఉన్నా ఓల్దా, ఇక్కడే ఉన్నా, చూడు.” ఆయన చెయ్యి తడుముకుంటూ ఆమె జుట్టు దాకా పోయింది.

“తడిసిపోయిందే,” అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తుంటి విరిగింది. నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకు తేలేదు, ఆ పెద్దాయన తుంటికి తెచ్చింది.

రెండో వారం ముఖం చిన్నబుచ్చుకుని, ప్లమ్ జాము పెట్టిన రొట్టెలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. తమ్ముడి సంగతీ, ఒప్పందం సంగతీ ఆయనే చెప్పాడు. కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది.

“దొరసాని అన్నది నువ్వేనటగా యార్మిలమ్మా?”

“నేనేనండీ.”

“మంచి పేరే. ఇంట్లో నేనూ అలాగే పిలుస్తున్నా. ‘దొరసానీ, కాఫీ అయిందా’ అంటే కర్ర తీసుకుంటుంది.” నవ్వి, రొట్టె తుంచుకున్నాడు.

బయట వరండాలో బ్లాజెనా నన్ను ఆపింది. “ఒక్క నిమిషం మాట్లాడను ఓల్దా అని చెప్పే ముంచాను. నీ జోకుకి నవ్వారు చూడు, ఆ నవ్వుల్లో ఆయనకు వినబడలేదు.” అంతే చెప్పి లోపలికి పోయింది. తిట్టలేదు.

ఆయన మళ్ళీ నడవలేదు. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకు నీరు పట్టి పోయాడు. కసాయి దుకాణం అద్దానికి ఆయన చావుకబురు అచ్చువేసిన నల్ల అంచు కాగితం అంటించి ఉంటే చూశాను, చేతిలో సాసేజీల పొట్లంతో అక్కడే నిలబడిపోయాను. అంత్యక్రియల్లో వెనక వరసలో నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది.

జూన్ ఒకటిన రేవు తెరిచాం. ఆమె రాదనుకున్నాను. వస్తే ఏం చెప్పాలో చలికాలమంతా వల్లె వేసుకున్నాను. ఎనిమిదింటికి వచ్చింది, టికెట్ అడిగింది, తాళం తీసుకుంది. వల్లె వేసుకున్నవన్నీ మింగేసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. జీవితంలో మొదటిసారి.

బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తువ్వాలు ఆయన కూర్చునే చోట పెట్టింది. నీళ్ళలో దిగి, తల ముంచి, అవతలి ఒడ్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఒక్క మాట లేదు. బాతు పక్కనుంచే పోయింది, దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

నేను కిటికీ వదిలేసి వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాను. క్యూలో వాళ్ళు అరుస్తున్నారు, అరవనీ. ఆమె మెట్లెక్కి వచ్చింది. ఉంగరాలన్నీ సాగిపోయి చెంపలకు అంటుకున్నాయి.

“బ్లాజెనా గారూ,” అన్నాను. “ఎప్పటిలాగే మాట్లాడుతూ ఈదండి. నేనిక్కడ కూర్చుని వింటాను. రోజూ వింటాను.”

తువ్వాలు తీసుకుని తల తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“నువ్వు వినక్కర్లేదు యార్మిలా,” అంది. “నీకు కళ్ళున్నాయిగా.”