ఎనిమిదా, పదా, పన్నెండా

తూకం మావయ్య ఏ వస్తువునూ ఒంటరిగా చూడలేడు. దాని పక్కన మరో రెండు పెట్టి, మూడింటినీ పోల్చుకుంటే తప్ప ఆయనకు మనసు కుదుటపడదు. ఒకసారి గొడుగు కొనడానికి వెళ్ళి, మూడు గొడుగులను వంతులవారీగా పట్టుకుని వానలో నిలబడ్డాడు. ఏది మంచిదో తేలేలోపు తల నుంచి కాలి దాకా తడిసి, ఏదీ కొనకుండానే ఇంటికి వచ్చాడు. పెళ్ళికి ముందు ఎంతమందిని పోల్చి చూశాడని ఎవరైనా ఆయన భార్యను ఆటపట్టిస్తే, "ఆయన కాదు, ముగ్గురిని చూసి ఈయనను ఏరుకున్నది నేను," అంటుంది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా పోటీలో నెగ్గినవాడిలా మావయ్య ముఖం వెలిగిపోతుంది.

హార్బరు మొత్తానికీ ఆయన మావయ్యే. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాడైన క్రేను డ్రైవరు కూడా అలాగే పిలుస్తాడు. మావయ్య మాత్రం తనతో పనిచేసే ఒక్క పెద్దక్కనే అక్కా అంటాడు. ఇద్దరిదీ ఒకే పని. తొంభై ఆరు మెట్లున్న టవరు ఎక్కి, వచ్చే ఓడల పేర్లు చదివి కింది ఆఫీసుకు ఫోనులో చెప్పాలి. పెద్దక్క ఆ టవరెక్కి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్క పేరూ తప్పు చదవలేదన్నది ఆవిడ గర్వం. దాన్ని ఆవిడ దాచుకునేది కూడా కాదు.

మావయ్యతో పని చేయడమంటే మాటలు కాదు. నిరుడు ఆయన సాసరుతో టీ మంచిదా, సాసరు లేకుండా మంచిదా అని పదిహేను రోజులు పరీక్షించాడు. సాసరు వల్ల లోకానికి ఒరిగేదేమీ లేదని తేల్చి, టవర్లో ఉన్న ఆరు సాసర్లనూ కింది కాంటీనుకు పంపేశాడు. పెద్దక్క కడుపు పట్టుకుని నవ్వింది.

ఈ ఏడు మాత్రం ఆవిడకు నవ్వు రాలేదు. టవర్లో ఇనుప స్టాండుకు బిగించిన పాత బైనాక్యులరు ఉండేది. ఉప్పుగాలికి ఆ స్టాండు తుప్పు పట్టి, ఒకరోజు బైనాక్యులరుతో సహా కూలిపోయింది. ఇకపై స్టాండు ఉండదని, చేత్తో పట్టుకుని మూడు కిటికీల నుంచీ చూడాలని హార్బరు అధికారి చెప్పాడు. కొత్తవి వచ్చాక అందరికీ పరీక్ష ఉంటుందన్నాడు. పది ఓడల పేర్లు చదవాలి. చదవలేనివాళ్ళను తాళ్ళ గోదాముకు మారుస్తారు.

ఏడాదిగా పెద్దక్క కుడిచెయ్యి వణుకుతోంది. ప్రాణానికేమీ ప్రమాదం లేదుగానీ పూర్తిగా పోయేది కూడా కాదని డాక్టరు చెప్పాడు. స్టాండు ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి మూడో మనిషికి తెలియాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళ పేరు ఆ చేతి మీద ఆధారపడింది.

దుకాణం నుంచి నమూనాగా మూడు బైనాక్యులర్లు వచ్చాయి. మరీ చవకవి కావు, మరీ ఖరీదైనవీ కావు. మూడింటి ధరా దాదాపు ఒకటే. ఒకటి దూరాన్ని ఎనిమిది రెట్లు దగ్గరికి తెస్తుంది, ఇంకొకటి పది రెట్లు, మరొకటి పన్నెండు రెట్లు. మూడు వారాల్లో ఒకదాన్ని తేల్చమని అధికారి ఆ పనిని మావయ్యకు అప్పగించాడు. ఆకలిగా ఉన్నవాడిని విందుకు పిలిచినట్టయింది.

ఆ రోజు నుంచి హార్బరులో ఎవరికీ మనశ్శాంతి లేదు. పోస్టుమ్యాన్ ఉత్తరం ఇవ్వడానికి వస్తే చేతిలో బైనాక్యులరు పెట్టి, దూరంగా ఉన్న ఐసు ఫ్యాక్టరీ గోడమీది అక్షరాలు చదివించేవాడు. క్రేను డ్రైవరు పన్నెండులో చూసి, పక్కింటివాళ్ళ డాబా మీద తన పోయిన చొక్కా ఆరేసి ఉందని కనిపెట్టి, పని వదిలేసి పరుగెత్తాడు. మావయ్య నోటు పుస్తకంలో "పన్నెండు: చొక్కా గుర్తుపట్టవచ్చు" అని రాసుకున్నాడు.

అన్నిటికంటే వింత, బస్తాలు దించే కూలీల సంగతి. వాళ్ళు విశ్రాంతిగా కూర్చున్నప్పుడు మావయ్య వాళ్ళ జోలికి వెళ్ళేవాడు కాదు. బరువు దించి, రొప్పుతూ, చేతులు ఇంకా అదురుతుండగానే వెళ్ళి పట్టుకునేవాడు. బొటనవేళ్ళు చెంప ఎముకలకు ఆనించాలని, మోచేతులు పక్కటెముకలకు అదిమి పెట్టాలని, ఊపిరి వదిలాక చూడాలని వాళ్ళకు నేర్పేవాడు. తర్వాత అదే పాఠం టవర్లో పెద్దక్క వినేలా, ఆవిడకు చెబుతున్నట్టు లేకుండా, గట్టిగా వల్లించేవాడు. ఈయనకు చాదస్తం ముదిరిందని పెద్దక్క అనుకుంది.

ఊరందరినీ అడిగినవాడు తనను మాత్రం ఒక్కసారీ చూడమనలేదు. అదీ మంచిదే అనుకుంది. ఒక మధ్యాహ్నం మావయ్య కిందికి వెళ్ళినప్పుడు, ఎంత పెద్ద నంబరైతే అంత సులువన్న ఆశతో పన్నెండు అందుకుంది. ఓడ దగ్గరికి వచ్చింది నిజమే, కానీ దాని పేరు నిలకడగా ఉండదే. అక్షరాలు చేపపిల్లల్లా అటూ ఇటూ ఈదాయి. చేతి వణుకు కూడా పన్నెండు రెట్లు పెరిగిందని ఆవిడకు అప్పుడు అర్థమైంది. మిగతా రెండింటినీ ముట్టుకునే ధైర్యం లేక, తీసినచోటే పెట్టేసింది.

శనివారం అధికారి కింది నుంచి ఫోను చేశాడు. పన్నెండే ఖాయం చేస్తున్నానని, పెద్ద నంబరు ఉండగా చిన్నది కొనడం తెలివితక్కువ పనని అన్నాడు. మావయ్య వినయంగా, సంతకం పెట్టేముందు ఒక్కసారి పైకి వచ్చి చూడమన్నాడు. అధికారి భారీ మనిషి. తొంభై ఆరు మెట్లెక్కి పైకి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కూర్చోవడానికి కుర్చీ వెతుక్కునేలోపే మావయ్య ఆయన చేతిలో పన్నెండు పెట్టి, దూరాన కనిపిస్తున్న ఓడ పేరు చదవమన్నాడు.

అధికారి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. "ఓడ ఊగుతోందయ్యా," అన్నాడు.

"ఓడ లంగరేసి ఉంది సార్," అన్నాడు మావయ్య. "ఇది చూడండి."

ఎనిమిదిని కళ్ళకు పెట్టుకోగానే అధికారి పేరు మొత్తం గడగడా చదివేశాడు. ఓడ వస్తోందని కబురు రాగానే తాము కూడా ఇలాగే మెట్లెక్కి వచ్చి, ఇలాగే రొప్పుతూ చూస్తామని మావయ్య వివరించాడు. పైగా ఎనిమిదిలో ఎక్కువ సముద్రం ఒకేసారి కనిపిస్తుందని, సాయంత్రం మసకలోనూ బాగుంటుందని చెబుతూ నోటు పుస్తకంలో నలభై ఏడో పేజీ తెరిచాడు. మిగిలిన నలభై ఆరు కూడా చదువుతాడేమోనన్న భయంతో అధికారి అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

పరీక్ష రోజున పెద్దక్క ఎనిమిది అందుకుంది. బొటనవేళ్ళు చెంపలకు, మోచేతులు పక్కటెముకలకు వాటంతట అవే వెళ్ళాయి. ఊపిరి వదిలి చూసింది. అక్షరాలు కొంచెం అదిరి, నిలబడ్డాయి. పదికి పది చదివింది. టవర్లో అన్నీ తప్పులేకుండా చదివినది ఆవిడ ఒక్కతే.

మావయ్య ఆ కబురు చెప్పడానికి కిందికి వెళ్ళాడు. నోటు పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. కూలీల పేజీలో, "చెయ్యి వణికే మనిషి: పన్నెండులో చదవలేడు, పదిలో సగం, ఎనిమిదిలో మొత్తం" అని ఉంది. చదవడం ఆవిడ వృత్తి కాబట్టి మొదటి పేజీ కూడా తిప్పి చదివింది. అది నిరుడు రాసింది. "అక్క కుడిచేత్తో టీ పట్టుకుంటే సాసరు మోగింది. ఎడమచేత్తో మోగలేదు. చెప్పుకోవడం ఆవిడకు ఇష్టం లేదు."

మావయ్య తిరిగి వచ్చాక పెద్దక్క అడిగింది.

"సాసర్లు తీసేయించింది నా కోసమేనా తమ్ముడూ?"

మావయ్య పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "సాసరు పనికిరాదని పదిహేను రోజుల పరీక్షలో తేలిందక్కా," అన్నాడు, ఆవిడ ముఖం చూడకుండా.

ఆ నెలాఖరున అధికారి ఫోను చేశాడు. ఆయన మళ్ళీ ఆ మెట్లెక్కలేదు, ఎక్కడు కూడా. టవరు సిబ్బంది గురించి నివేదిక రాస్తున్నాడట. మావయ్య ఎలాంటి మనిషో సీనియరుగా ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. మావయ్య పక్కనే నిలబడి వింటున్నాడు.

పెద్దక్క తల పైకెత్తి, కింది అంతస్తుదాకా వినబడేంత గట్టిగా చెప్పింది. "అది చెప్పలేను సార్. పక్కన పెట్టి చూడడానికి ఇలాంటి మనిషి ఇంకొకడు దొరకాలి కదా."

మావయ్య ముఖం కందిపోయింది. ఆవిడ ఫోను పెట్టేదాకా ఆగి, తప్పు పట్టాడు.

"కనీసం ముగ్గురిని చూడకుండా అలా తేల్చెయ్యకూడదక్కా."