నంబరు వేసిన రోలు

ఈ ఉదయం మా బాల్కనీలో పనిమనిషి సుబ్బులు రోట్లో మిరపకాయలు దంచుతోంది. ఆ ఘాటుకు నాకు వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి. అవి ఆగేలోగా కాలింగ్ బెల్ మోగింది. ఎవరో తెలుసు. కింది ఫ్లాటులోకి కొత్తగా వచ్చినావిడ. నిన్న లిఫ్టులో కలిసి, "పైనుంచి ఒకటే చప్పుడండీ, మీకూ వినిపిస్తోందా?" అని అడిగింది. నాకూ కొత్తే అన్నట్టు తల పంకించి, ఆవిడ దిగిపోయేదాకా లిఫ్టు కప్పు చూస్తూ నిలబడ్డాను. డెబ్బై దాటినదాన్ని, ముప్పై ఏళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పినదాన్ని, ఒక రోలు గురించి అబద్ధమాడాను. బెల్ మళ్లీ మోగింది. పాదాల కింద నేల రోకటి పోటుకు సన్నగా అదురుతోంది. ఆ అదురు తగిలితే చాలు, నాకు జోజయ్యగారు గుర్తొస్తారు. ఆయన ఇక్కడుంటే నన్ను ఒకే ఒక్క మాట అడిగేవారు: "కారణం?"

డెబ్బైల మొదట్లో గుణదల కొండకు వెనకవైపు ఒక చిన్న రేకుల గది ఉండేది. ప్రపంచంలో ఎవరు భూమిలోపల అణుబాంబు పేల్చినా ఆ అదురు రాళ్లలోంచి పాకుతూ చాలా దూరం వస్తుంది. దాన్ని పట్టుకోవడం మనమూ నేర్చుకోవాలని కేంద్ర ప్రభుత్వం ఒక పరిశోధన స్కీముకు డబ్బిచ్చింది. అందులో చెంచాడు విజయవాడ దాకా వచ్చింది. కొండరాతికి బిగించిన ఒక యంత్రం, తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం, ఆ కాగితం మీద పగలూ రాత్రీ గీత గీసుకుంటూ పోయే ఇంకు ముల్లు. నేల అదిరితే గీత పళ్లు పళ్లుగా లేస్తుంది, లేకపోతే నిద్రపోతుంది. అధికారి జోజయ్యగారు, అసిస్టెంటును నేను, ఒక వాచ్‌మన్. స్కీము ఏడాదికోసారి పొడిగించాలి. పొడిగిస్తే నాకు ఉద్యోగం ఉంటుంది. లేకపోతే మంగళగిరిలో మా నాన్న మగ్గం పక్కన నా రాట్నం ఉండనే ఉంది. బీఎస్సీ చదివిన పిల్ల మళ్లీ కండెలు చుట్టడానికి వస్తుందేమోనని మా వీధి వీధంతా ఆసక్తిగా చూస్తున్న రోజులవి.

ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెబితే నవ్వుతారు. ఇంటర్వ్యూకి ముగ్గురం వెళ్లాం. జోజయ్యగారు సన్నగా, పొడుగ్గా, తెల్ల పంట్లాం, తెల్ల చొక్కా, జేబులో నాలుగు పెన్సిళ్లతో ఉన్నారు. ఒక్కొక్కరినే యంత్రం గదిలోకి తీసుకెళ్లి, "కళ్లు మూసుకుని నిలబడండి. కాళ్లకు ఏం తెలుస్తోందో చెప్పండి" అన్నారు. నాకంటే ముందు వెళ్లిన అబ్బాయి గూడ్సు బండి తెలుస్తోందన్నాడట. రెండోవాడు ఇంకాస్త తెలివైనవాడు, కృష్ణ బ్యారేజీ నీళ్లు తెలుస్తున్నాయన్నాడట. నేను మాత్రం అయిదు నిమిషాలు నిలబడి, ఏడుపు గొంతుతో, "నాకేం తెలియడం లేదండి" అన్నాను.

"సోమవారం నుంచి రండి వరలక్ష్మిగారూ" అన్నారాయన. ఇరవై రెండేళ్ల పిల్లని 'గారు' అన్న మొదటి మనిషి ఆయనే. ఆ ఆనందంలో నేను, "కారణం?" అని అడగలేదు. అదే నేనక్కడ అడగకుండా వదిలేసిన ఆఖరి కారణం.

ఎందుకంటే ఆ ఆఫీసులో అసలు పని అదే. ముల్లు ఏ కాస్త పైకి లేచినా దానికి కారణం కనిపెట్టి, పొడుగాటి అట్టపుస్తకంలో రాయాలి. ఊళ్లో మన అదుర్లన్నీ తీసేస్తే మిగిలిందే పరాయిది అని ఆయన సిద్ధాంతం. మేరీమాత ఉత్సవాలకు లక్షల మంది కొండెక్కినప్పుడు మూడు రోజుల గీత గొంగళిపురుగులా వచ్చింది. ఆ మూడు రోజులకూ ఎదురుగా "యాత్రికులు" అని రాసి, తనూ చెప్పులు విప్పి వాళ్లలో కలిశారు. దిగి వచ్చాక "యాత్రికులు" పక్కన "నాతో సహా" అని చేర్చారు. కారణం దొరకని చోట గుండ్రటి అక్షరాలతో "తెలియదు" అని రాసేవారు. ఆ ఒక్క మాట రాయడానికి మాత్రం కొత్తగా చెక్కిన పెన్సిల్ తీసేవారు. ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య మార్తమ్మగారు నాతో మొదటిసారి మాట్లాడినప్పుడే చెప్పుకున్నారు: "పెళ్లిచూపుల్లో నేను నవ్వితే, కారణమేంటండీ అని అడిగాడమ్మా ఈ మహానుభావుడు. మా నాన్న లేచి వెళ్లిపోబోయాడు."

ఆ కారణాల వేటలో నేను తిరగని చోటు లేదు. ఒకసారి కొండపల్లి దగ్గర క్వారీకి పంపారు, రాళ్లు ఏ వేళల్లో పేలుస్తారో కనుక్కురమ్మని. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "మందుగుండు తనిఖీ వాళ్లా అమ్మా? లైసెన్సు కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయండీ" అన్నాడు. "కాదండీ, వేరే దేశాలవాళ్లు అణుబాంబులు పేలుస్తున్నారేమో చూస్తాం" అన్నాను. అతను చుట్టూ ఉన్న కూలీలను ఒకసారి చూసుకుని, "మా కొండపల్లిలోనా?" అన్నాడు. ఆ తర్వాత నాకు మజ్జిగ ఇప్పించి, నెల రోజుల పేలుళ్ల వేళలూ అప్పజెప్పాడు. బహుశా పిచ్చిపిల్ల అని జాలిపడి ఉంటాడు.

మా మొదటి వేసవి వచ్చింది. మే నెలలో పొద్దున్న వేళల్లో కొత్త రకం గీత మొదలైంది. జంటలు జంటలుగా సన్నటి పళ్లు, అరగంట సేపు వచ్చి ఆగిపోయేవి. రైలు కాదు, క్వారీ కాదు. నేను రైసు మిల్లుకు వెళ్లాను, రైల్వే యార్డుకు వెళ్లాను, ఏలూరు కాలవ మీద వంతెన పని దగ్గరకూ వెళ్లాను. పుస్తకంలో "తెలియదు", "తెలియదు" అని రోజూ రాస్తుంటే జోజయ్యగారికి అన్నం సయించలేదు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం రేడియో చెప్పింది, ఆ ఉదయం మన దేశమే ఎడారిలో భూమిలోపల అణుపరీక్ష చేసిందని. ఊరంతా పండగ. బెంజి సర్కిల్ దాకా మిఠాయిలు పంచారు. మాకు మాత్రం గుండె జారింది. ఏ పని కోసం జీతాలు తీసుకుంటున్నామో ఆ పని ఆ ఉదయం ఎనిమిదింటికి జరిగిపోయింది. సాయంత్రానికి టెలిగ్రామ్ వచ్చింది: మీ కేంద్రంలో ఏం నమోదైందో వెంటనే తెలపండి. స్కీము పొడిగింపు ఫైలు అప్పుడు ఢిల్లీలో ఎవరి బల్ల మీదో ఉంది.

శనివారం ఉదయం జోజయ్యగారు పని మీద గుంటూరు వెళ్లారు. కాగితం మార్చింది నేనే. ఇప్పుడు విప్పి చూస్తే ఎనిమిది గంటల చోట ఆ దిక్కుమాలిన జంట పళ్లే నిండి ఉన్నాయి. ఎడారి నుంచి అల రావడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుందని లెక్క వేశాను. సరిగ్గా ఆ చోట ఒక పన్ను మిగతావాటికంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి, "దొరికిందండీ!" అని గుంటూరు నుంచి దిగీదిగకముందే ఆయన ముందు పెట్టాను.

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "వరలక్ష్మిగారూ, గీత చూసి టైము చెప్పారా, టైము చూసి గీత చెప్పారా?"

నా చెవులు వేడెక్కడం తెలిసింది.

సోమవారం ఎనిమిదింటికి ఆ పళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఆయన ముల్లు ముందు కూర్చుని, "బయటికెళ్లి చూడండి" అన్నారు. గదికి వంద గజాల అవతల వాచ్‌మన్ గుడిసె. దాని ముందు బండరాతిలోనే పూర్వం ఎవరో తొలిచిన నేలరోలు ఒకటి ఉంది. ఏడాదంతా దాంట్లో కుక్క నీళ్లు తాగేది. ఆ పొద్దున వాచ్‌మన్ భార్య నాగమ్మా, ఇంకొకావిడా ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్లతో మిరపకాయలు దంచుతున్నారు. ఏ రాతికి మా యంత్రం బిగించామో ఆ రాతిలోనే ఉంది రోలు.

"నాగమ్మా, ఆపు!" అని అరిచాను.

"ఆగింది!" అని లోపలినుంచి జోజయ్యగారు.

"దంచు!"

"వచ్చింది!"

"ఆపు!"

"ఆగింది! మళ్లీ!"

"ఏందమ్మా ఈ ఆట, కళ్లు మండిపోతన్నాయి ఇక్కడ" అని నాగమ్మ కసురుకుంది. ఆయన బయటికొచ్చి, పాఠం అడిగే పిల్లాడిలా రోలు ముందు నిలబడ్డారు.

"శనివారం కూడా దంచావా నాగమ్మా? ఎనిమిదింటికి?"

"దంచానయ్యా."

"ఎవరి కారం?"

"ఎవరిదేందయ్యా, మీదే! ఆవకాయకని అమ్మగారు మూడు వీశెలు పంపారుగా. కొండ రోట్లో అయితే మెత్తగా వస్తదని అమ్మగారే చెప్పారు."

రెండు వారాలుగా ఆయన అన్నం సయించక అటూ ఇటూ కెలికింది ఆ కొత్త కారం కలిపిన కూరలే. ఆయన కొండమీద కూలబడి, నేను ఎన్నడూ చూడనంతగా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "సార్, ఇది రాస్తే స్కీము పోతుంది" అన్నాను.

"పోవచ్చు" అన్నారు. ఆయనకు నలుగురు పిల్లలు.

ఆ మధ్యాహ్నం రెండు జవాబులు టైపు చేయించారు. ఒకదాంట్లో నా ఎర్ర సున్నా, దాని టైము. రెండోదాంట్లో, ఆ సమయంలో కేంద్రానికి వంద గజాల దూరంలో నా ఇంటి వాడకం నిమిత్తం మిరపకాయలు దంచినందువల్ల ఏమీ చెప్పలేము, అని. రెండూ నా ముందు పెట్టారు. "ఆ ఉదయం నేను లేను. రీడింగు మీది. మీరు ఏది ఇస్తే దానికి సంతకం పెడతాను."

ఆయన మీద అప్పుడొచ్చినంత కోపం నాకెవరి మీదా రాలేదు. తిట్టొచ్చు కదా, ఆజ్ఞాపించొచ్చు కదా. కళ్ల ముందు రాట్నం తిరిగింది. ఏడుస్తూనే రెండో కాగితం ఆయన వైపు తోశాను. ఆయన సంతకం పెట్టి, నా చేతికి రుమాలు ఇచ్చి, "కారం ఘాటు" అన్నారు. నాకు తెలిసి ఆయన చెప్పిన తప్పు కారణం అదొక్కటే.

నెల తర్వాత ఢిల్లీ నుంచి ఒక పెద్దాఫీసరు దిగాడు. పుట్టింది తెనాలి దగ్గరే. వస్తూనే, "ఎక్కడండీ ఆ రోలు?" అన్నాడు. నాగమ్మ చేత దంచించాడు, తనూ నాలుగు పోట్లు వేశాడు, ముల్లు ఎగరడం చూశాడు. మార్తమ్మగారి ఆవకాయతో మూడుసార్లు అన్నం కలుపుకుని, నోరు ఊదుకుంటూ చెప్పాడు. "మరో కేంద్రం నుంచి ఒక గీత వచ్చిందండీ, అద్దంలా ఉంది. టైము పేపర్లో వేసిన నిమిషమే. అక్కడ పేలిందీ, అంత దూరాన వాళ్లకు అందిందీ ఒకే నిమిషంలో! పాపం, అల నడిచి రావాలని మరిచిపోయారు." అని జోజయ్యగారి వైపు తిరిగి, "ఇక మీరు తెలిసిందని రాస్తే నేను నమ్ముతానండీ" అన్నాడు.

స్కీము పొడిగించారు. మంజూరు ఉత్తర్వులో ఒక వింత కూడా ఉంది. కొండమీది రోలు పూడ్చి, కొండ కింద నివాసుల నిమిత్తం రాతిరోలు ఒకటి, రోకళ్లు రెండు కొనవలెను. అణు విస్ఫోటనాల పరిశోధన నిధులతో రోలు కొన్న దేశం మనది కాక ఇంకోటి ఉంటుందని నేననుకోను. ప్రభుత్వ సొత్తు కాబట్టి దానిమీద తెల్లరంగుతో నంబరు వేశాం. ఏడాది తిరగ్గానే ఆడిట్ నుంచి ప్రశ్న వచ్చింది: శాస్త్ర పరిశోధనకు రోలు కొనడానికి కారణమేమి? జోజయ్యగారు ఆ కాగితం పట్టుకుని చిన్నపిల్లాడిలా గది అంతా తిరిగారు. "చూశారా వరలక్ష్మిగారూ, ఇన్నాళ్లకు ప్రభుత్వం కూడా అడిగింది!" నాలుగు పేజీల జవాబు రాశారు, గీతలు జతపరిచి.

కొన్నేళ్లకు స్కీము ముగిసింది. సామాన్లు వేలం వేస్తే రోలు ఎవరికీ అక్కర్లేకపోయింది. జోజయ్యగారే పాడుకున్నారు. అప్పటికి నాకు కాలేజీలో ఉద్యోగమైంది. ఆయన పోయాక మార్తమ్మగారు దాన్ని రిక్షాలో పెట్టించి మా ఇంటికి పంపారు. "ఆయన నీకే ఇమ్మన్నాడమ్మా. కారణం అడక్కు, చెప్పలేదు" అన్నారు. లేబొరేటరీలో పిల్లలు పుస్తకంలో ఉన్న విలువే దశాంశాలతో సహా తెచ్చి చూపించినప్పుడల్లా నేను ఆయన ప్రశ్నే అడిగాను, ఆయన గొంతుతోనే. చాలామందికి చెవులు ఎర్రబడేవి. వాళ్లను నేనెప్పుడూ తిట్టలేదు.

మూడోసారి బెల్ మోగింది. సుబ్బులు రోకలి ఆపి, "లేరని చెప్పనా అమ్మగారూ?" అంది. వద్దని నేనే వెళ్లి తలుపు తీశాను.

"మా ఇంట్లోనేనండీ ఆ చప్పుడు. కారం దంచుతున్నాం, ఇంకో అరగంట పడుతుంది. నిన్న లిఫ్టులో మీతో అబద్ధం చెప్పాను" అన్నాను. ఆవిడ, "అయ్యో, ఎందుకండీ?" అంది.

యాభై ఏళ్ల తర్వాత మళ్లీ ఎవరో నన్ను కారణం అడిగారు. లోపలికి రమ్మని, ఆ రోలు చూపించాను.